పాత అమెరికా జనగణన రికార్డులు: కొన్నేళ్లు వాడాక

మా కోడలిది జార్జియా రాష్ట్రంలోని ఒక నల్లజాతి కుటుంబం. మనవలకి మా వైపు తాతముత్తాతల పేర్లు గడగడా చెప్పేస్తాం. వాళ్ల అమ్మ వైపు ముత్తాత దాటి వెనక్కి వెళ్లగలిగామంటే ఈ పాత జనగణన కాగితాల పుణ్యమే. ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఖాతా తెరిస్తే పైసా కట్టకుండా చాలావరకు చూడొచ్చు. 72 ఏళ్లు నిండాకే పేర్లు బయటపెడతారు కాబట్టి ప్రస్తుతానికి 1950 దాకానే దొరుకుతాయి. ఇంట్లో పెద్దవాళ్లు చిన్నపిల్లలుగా ఉన్న పేజీ పట్టుకుని, అక్కణ్ణించి పదేళ్లకొక మెట్టు చొప్పున వెనక్కి వెళ్లడం మేలు.

అన్నిటికన్నా నాకు విలువైనది 1900 లెక్క. అందులో పుట్టిన నెల, ఏడాది, పెళ్లయి ఎన్నేళ్లయిందో కూడా రాశారు. ఆడవాళ్లని ఎంతమందిని కన్నారు, ఎంతమంది బతికున్నారు అని కూడా అడిగారు. కోడలి ముత్తాతని కన్నతల్లి వరుసలో 9, 5 అని ఉంది, అంటే నలుగురు పోయారు. 1880లో ఆమెకి కొత్తగా పెళ్లయింది, పిల్లలు లేరు. మధ్యలో ఉండాల్సిన 1890 కాగితాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పాడై, దాదాపు ఏమీ మిగల్లేదు. ఆ నలుగురు పిల్లలు పుట్టారనడానికి మాకు దొరికిన ఆధారం ఆ రెండు అంకెలే. కోడలి ఇంట్లో ఎవరూ వాళ్ల గురించి విననైనా లేదు.

పేరు మీదే ఆధారపడితే చాలామంది దొరకరు. లెక్క రాసేవాడు తన చెవికి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు. ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటివాళ్లు చెప్పిందే రాశాడు. పదేళ్లు గడిస్తే మనిషి వయసు ఏడేళ్లే పెరిగి ఉంటుంది! ఇంటిపేరు వదిలేసి కౌంటీ, మొదటి పేరు, సుమారుగా పుట్టిన ఏడాది ఇచ్చి వెతకండి. దొరికాక టైపు చేసిన వివరాలతో సరిపెట్టుకోకుండా అసలు పేజీ తెరవండి. అత్తమామలు, బావమరుదులు తరచూ పక్కిళ్లలోనే ఉంటారు. ఇంటి పెద్దకి ఎవరేమవుతారో రాయడం 1880లోనే మొదలైంది. అంతకుముందు కాగితాల్లో ఒకే ఇంట్లో ఉన్నారని భార్యో కూతురో అని తేల్చేయకూడదు.

నల్లజాతి కుటుంబాల వేటలో అసలు కష్టం 1870 దగ్గర వస్తుంది. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లని పేరుపేరునా రాసిన తొలి దేశవ్యాప్త లెక్క అదే. 1850, 1860 బానిసల జాబితాల్లో యజమాని పేరు కింద వయసు, ఆడో మగో, రంగు రాశారు తప్ప, ఆ మనుషుల పేర్లు దాదాపు ఎక్కడా రాయలేదు. ఆ పేజీలు చదువుతుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు. అక్కడ ఆగిపోయినవాళ్లు, బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కోసం పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు రికార్డులు చూడండి. 1865–1874 మధ్య నడిచిన ఆ బ్యాంకులో ఖాతా తెరిచినవాళ్ల తల్లిదండ్రులు, తోబుట్టువుల పేర్లు చాలా చోట్ల ఉంటాయి. మేము ఇంకో తరం వెనక్కి వెళ్లింది వాటితోనే.

భారతీయుల కోసం వెతికేవాళ్లకి ఒక మాట. 1920, 1930, 1940 లెక్కల్లో జాతి గడిలో మనవాళ్లకి వాడమన్న గుర్తు ‘హిన్’, అంటే హిందూ. కాలిఫోర్నియాలో పొలాలు చేసిన పంజాబీ సిక్కులకీ అదే. పేరుతో దొరక్కపోతే పుట్టిన దేశం ఇండియా అని పెట్టి వెతకండి.