చెన్నైలో ఒక తీరు, బెంగళూరులో ఒక తీరు: నా బౌలింగ్ బాల్‌తో మూడేళ్లు

నేను చెప్పేది క్రికెట్ బౌలింగ్ కాదు, నున్నటి బాట (లేన్) మీద బరువైన బాల్ దొర్లించి చివర నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టే ఆట. మాది చిత్తూరు. ఇటు పోతే చెన్నై, అటు పోతే బెంగళూరు. అందుకే నెలలో ఒక ఆదివారం రాణిపేట మీదుగా, ఇంకో ఆదివారం మొగిలి ఘాట్ మీదుగా నా బౌలింగ్ బ్యాగు ప్రయాణం కడుతుంది. మూడేళ్ల కింద బాల్ కొని తెచ్చిన రోజు అమ్మ బ్యాగు ఎత్తబోయి మళ్లీ కింద పెట్టేసి, "ఏందిరా ఇది, రుబ్బురోలు పొత్రం మాదిరి ఉండాదే" అనింది. పద్నాలుగు పౌండ్లు, అంటే ఆరుంపావు కిలోల పైమాటే. బస్సులో కాళ్ల మధ్యే పెట్టుకోవాలి. పై అరలో పెడతానంటే కండక్టర్ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

బాల్ రియాక్టివ్ రెజిన్ రకం. పెర్ల్ కవర్, అంటే మెరుపు పొడి కలిపిన పైపొర. లోపల సిమెట్రిక్ కోర్, అంటే అన్ని పక్కలా ఒకే తీరున్న బరువు దిమ్మె. ఫ్యాక్టరీ నుంచే పాలిష్‌తో వచ్చింది. వేళ్లకు రంధ్రాలు వేసే డ్రిల్లింగ్‌తో కలిపి నాకు పంతొమ్మిది వేలు పడింది. మోడల్ పేరు రాయడం లేదు, ఎందుకంటే అది ఇప్పుడు కొత్తది దొరకడం లేదు. నేను చెప్పేది ఆ రకం బాల్ దేనికైనా చాలావరకు వర్తిస్తుంది.

సెంటర్లో ఇచ్చే ప్లాస్టిక్ బాల్‌తో ఆడినన్నాళ్లూ లేన్ మీద ఆయిల్ ఉంటుందనే నాకు తెలీదు. బాల్ వదిలేటప్పుడు దాటకూడని ఫౌల్ గీత నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. మామూలుగా అందులో ముందు 40 అడుగుల దాకా ఆయిల్ పూస్తారు, మిగతాది పొడి. ప్లాస్టిక్ బాల్‌కు ఈ తేడా పెద్దగా పట్టదు, ఇంచుమించు నేరుగా పోతుంది. రియాక్టివ్ బాల్ అలా కాదు. ఆయిల్ మీద జారుతూ పోయి, పొడి తగలగానే లేన్‌ను పట్టుకుని పక్కకు తిరుగుతుంది. డబ్బు పోసి కొన్నది ఆ మలుపు కోసమే.

ఆ మలుపు అచ్చంగా చూడాలంటే బెంగళూరులో నేను వెళ్లే చోట చూడాలి. పొద్దున్నే కొత్తగా ఆయిల్ వేసి ఉంటారు. మధ్యలో దట్టంగా, అంచుల్లో పల్చగా. లేన్ వెడల్పు పక్కపక్కన పరిచిన 39 సన్నని పలకలు. ఆయిల్ ఎన్ని అడుగులుందో అందులోంచి 31 తీసేస్తే బాల్ ఎన్నో పలక దగ్గర తిరగాలో సుమారుగా వస్తుందని ఆడేవాళ్లు లెక్క చెబుతారు. 39 అడుగులైతే కుడి అంచు నుంచి ఎనిమిదో పలక. నేను కుడిచేతి వాణ్ణి, లేన్ మీద ఉండే బాణాల్లో రెండో గుర్తు మీదుగా వదులుతాను. బాల్ పోతుంది, పోతుంది, ఇక గట్టర్లో (పక్క కాలువలో) పడిందిరా అనుకునేంతలో కత్తి తిప్పినట్టు లోపలికి తిరిగి అన్నిటికీ ముందున్న ఒకటో పిన్నుకూ, దాని వెనక కుడి పక్కనున్న మూడో పిన్నుకూ మధ్య దూరుతుంది. చెయ్యి కొంచెం కుడికి పోయినా పొడి అంచు వెనక్కి తెస్తుంది, ఎడమకు పోయినా మధ్యలో ఆయిల్ ఆపుతుంది. 130 దగ్గర కొట్టుకుంటున్న నా సగటు స్కోరు అక్కడ 160 దాటింది. అందులో నా గొప్ప ఎంత, ఆయిల్ గొప్ప ఎంత అన్నది నాకు తర్వాత అర్థమయింది.

ఆ సుఖం రెండు గేములే. ఒకే లేన్‌లో ఆరుగురం ఒకే దారిన వేస్తుంటే ఆ దారిలో ఆయిల్ అరిగిపోతుంది. మూడో గేముకు అదే చోట వదిలిన బాల్ ముందే తిరిగి ఒకటో పిన్ను నడినెత్తిన కొడుతుంది. రెండు వైపులా చెరో పిన్ను నిలబడి మనల్ని చూస్తుంటాయి. అప్పుడు కాళ్లు రెండు పలకలు ఎడమకు, చూపు ఒక పలక ఎడమకు జరపాలి. నా పెర్ల్ కవర్‌లో నచ్చనిది ఇదే. ఆయిల్ తగిలితే మరీ జారుతుంది, పొడి తగిలితే మరీ తిరుగుతుంది, నడిమి మాట దానికి లేదు. ఇలాంటి చోట మెరుపు పొడి కలపని, పాలిష్ లేని సాలిడ్ కవర్ బాల్ నిదానంగా ఉంటుంది.

చెన్నై సంగతి పూర్తిగా వేరు. అక్కడ నేను ఆడేది ఒక మాల్‌లో. రంగు దీపాలు, పుట్టినరోజు పార్టీలు, పిల్లల గోల. ఆదివారం సాయంత్రానికి లేన్ నూనె చూపని దోసె పెనం లెక్కనే. బాల్ సగం దూరంలోనే తిరిగేసి, ఒకటో పిన్నును దాటుకుని అవతలి పక్కకు పోయేది. పిన్నుల దాకా వచ్చేసరికి దానిలో దమ్ము కూడా ఉండదు, సరిగ్గా తగిలినా వెనక వరసలో కుడి చివరి పదో పిన్ను అట్లే నిలబడుతుంది. మొదట్లో కోపంతో ఇంకా గట్టిగా విసిరేవాణ్ణి. భుజం నొప్పి వచ్చింది, స్కోరు రాలేదు. మణికట్టు తిప్పకుండా, బాగా ఎడమకు నిలబడి వేస్తే కొంత మేలు. అయినా ఒక రోజు 98 కొట్టాక సెంటర్ వాళ్ల గీతలు పడిన ప్లాస్టిక్ బాల్ తీసుకున్నాను. పంతొమ్మిది వేల బాల్ బ్యాగులో, ఊరి బాల్ చేతిలో! ఆ గేములో 141 వచ్చింది. వెంట వచ్చిన మా బామ్మర్ది బస్సెక్కి చిత్తూరు చేరేదాకా దాని గురించే మాట్లాడినాడు.

దట్టమైన, పొడవైన ఆయిల్ మీద ఒక్కసారే ఆడాను, బెంగళూరులోనే ఒక చిన్న పోటీలో. అంచుల్లోనూ ఆయిల్ ఉంది, కాబట్టి తప్పు వేస్తే వెనక్కి తెచ్చేది ఏదీ లేదు. పాలిష్ బాల్ సబ్బుముక్కలా జారిపోయింది. పోటీ మొదలయ్యాక బాల్ పైపొరను గరుకు ప్యాడ్‌తో రుద్దకూడదు, అది నిబంధన. 121తో ఇంటికొచ్చి 2000 నంబరు ప్యాడ్‌తో రుద్ది పాలిష్ తీసేశాను. ఆయిల్ మీద పట్టు బాగా పెరిగింది, కానీ చెన్నైలో ఇంకా అధ్వానం. రెండు నెలలు ఓపిక పట్టి మళ్లీ పాలిష్ చేయించాను.

నిర్వహణ తక్కువ పనేమీ కాదు. ఈ రకం కవర్ ఆయిల్‌ను పీల్చుకుంటుంది. ప్రతి గేము తర్వాత తుడవాలి. వంద గేములకు మలుపు మందగించింది. రంధ్రాలకు టేపు వేసి, చేతికి తాళేంత వేడి నీళ్ల బకెట్లో గిన్నెలు తోమే సబ్బు వేసి ముంచితే పైన ఆయిల్ తేలింది, మలుపు చాలావరకు తిరిగొచ్చింది. ఆ బకెట్ మళ్లీ స్నానానికి వాడనివ్వలేదు మా ఇంట్లో. మే నెలలో కాణిపాకం పోయినప్పుడు బాల్‌ను కారు డిక్కీలో మర్చిపోవడం మాత్రం నా తప్పే. సాయంత్రానికి దానికి చెమట పట్టినట్టు ఆయిల్ ఊరింది, వేళ్ల రంధ్రాల మధ్య వెంట్రుకంత చీలిక కనిపించింది. దాన్ని పూడ్పించాను, ఇప్పటిదాకా పెరగలేదు.

కొత్తగా కొనేవాళ్లు ముందు ఏ లేన్‌లో ఎక్కువ ఆడతారో చూసుకోండి. మాల్‌లోనే ఆడేటట్టయితే మీ చేతికి డ్రిల్ చేయించిన ప్లాస్టిక్ బాల్ చాలు. నేనూ మొన్న అదే కొన్నాను. పదో పిన్ను మిగిలితే దాన్ని రెండో ఏటుకు పడగొట్టడానికి (స్పేర్) బెంగళూరులో కూడా దాన్నే వాడుతున్నాను.

ఇంకో చిన్న విషయం ఎవరూ చెప్పలేదు. చెన్నై ఉక్కకు బొటనవేలు ఉబ్బి రంధ్రంలో ఇరుక్కుంటుంది, బెంగళూరు చలికి అదే వేలు వదులవుతుంది. రంధ్రం లోపల టేపు ముక్కలు అతికించి సరిచేస్తున్నాను. రాణిపేట వైపు పోయేటప్పుడు రెండు, మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు నాలుగు.