పిండి చేతులకు సౌండ్ బాక్స్: మూడేళ్లు వాడాక నా మాట

గుంటూరు కొరిటెపాడులో సాయంత్రం పూట పునుగులు, మిరపకాయ బజ్జీల బండి మాది. నాలుగున్నరకు పొయ్యి వెలిగిస్తే తొమ్మిదింటికి ఆర్పుతాం. 2022 వానాకాలంలో బండికి సౌండ్ బాక్స్ పెట్టించుకున్నాను. స్కాన్ చేసి డబ్బులు కొట్టగానే "ముప్పై రూపాయలు అందాయి" అని తెలుగులో చెబుతుందే, ఆ డబ్బా. కంపెనీ పేరు రాయడం లేదు. పక్క బండ్ల మీద వేరే కంపెనీలవీ చూశాను, పనిలో పెద్ద తేడా కనిపించలేదు. కొత్తగా బండి పెట్టుకునేవాళ్లు "తీసుకోమంటావా అక్కా" అని అడుగుతుంటారు, వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు చేతుల సంగతి చెప్పాలి. పునుగులు నేను గరిటెతో వేయను. పిండి గుప్పెట్లోకి తీసుకుని, బొటనవేలితో తోస్తూ ఒక్కొక్కటే నూనెలోకి జారవిడుస్తాను. వాయికి నలభై దాకా పడతాయి. మొదట వేసింది రంగు తిరిగేలోపు చివరిది పడిపోవాలి, లేదంటే కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా ఉంటాయి. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు "అక్కా, కొట్టేశా చూడు" అని ఫోన్ చాపుతారు. కుడిచేతికి మణికట్టు దాకా పిండి, ఎడమచేతిలో చిల్లుల గరిటె. నా ఫోన్ తీయాలంటే చెయ్యి కడుక్కోవాలి, తుడుచుకోవాలి. ఈలోగా వాయి పోతుంది. అందుకని డబ్బా రాకముందు "సరే బాబూ" అని పొట్లం ఇచ్చేసేదాన్ని. రాత్రి లెక్క చూసుకుంటే యాభయ్యో వందో తక్కువ వచ్చేది. ఒకతనైతే వరసగా నాలుగు రోజులు ఒకే పాత స్క్రీన్‌షాట్ చూపించి తినిపోయాడు. ఐదో రోజు మా తోడికోడలు తేదీ చూసి పట్టుకుంది.

రోజంతా కష్టపడితే ఆరేడు వందలు మిగిలే బండి ఇది. అందులో వంద పోయిందంటే మర్నాటి శనగపిండి డబ్బులు పోయినట్టే. డబ్బా వచ్చాక ఆ నష్టం ఆగిపోయింది. నెలకు వంద పైచిలుకు అద్దె కట్ అవుతుంది, అది నాకు రెండు రోజుల్లో వెనక్కి వచ్చేస్తుంది. బ్యాంకు అకౌంట్ నుంచి వచ్చే యూపీఐ డబ్బుల మీద 2020 జనవరి నుంచి వ్యాపారుల దగ్గర కమీషన్ తీసుకోవడం లేదు. ఇరవై కొడితే ఇరవయ్యీ అకౌంట్లో పడుతుంది.

బ్యాటరీ గురించి అంత మంచి మాట చెప్పలేను. కొత్తలో నాలుగు రోజులు వచ్చేది, ఏడాది తిరిగేసరికి రోజున్నరకు దిగింది. నూనె ఆవిరికి స్పీకర్ రంధ్రాలు జిడ్డు పట్టి గొంతు మూసుకుపోతుంది. పొయ్యికి మూరెడు దూరంగా, గాలి వచ్చే వైపు పెట్టి, రోజూ పొడిగుడ్డతో తుడవండి.

అయితే ఈ డబ్బా వల్ల అసలు లాభం నాకు రెండేళ్ల తర్వాత బ్యాంకులో తెలిసింది. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

2019లో బండి పెట్టినప్పుడు డైలీ ఫైనాన్స్‌లో తీసుకున్నాం. పదివేలని పేరు, చేతికిచ్చింది 8,500. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వాన పడి బండి తీయకపోయినా సాయంత్రానికి వాళ్ల మనిషి వచ్చి నిలబడేవాడు. సరుకు కొనడానికి పెట్టుకున్న డబ్బు అతని చేతిలో పెట్టి, మర్నాడు కొట్లో నూనె అరువు తెచ్చుకునేదాన్ని. అరువు సరుకుకు కొట్టువాడు చెప్పిందే ధర. చిన్న వ్యాపారాలు బేరం లేకే మూతపడతాయని అంటారు గానీ, మా వీధిలో బేరం బాగా నడిచే బండ్లే ఈ రోజువారీ వడ్డీ దెబ్బకు మూతపడటం నేను చూశాను.

2020లో లాక్‌డౌన్‌కి అందరిలాగే మేమూ కూర్చుండిపోయాం. ఆ జూన్‌లో వీధి వ్యాపారులకు స్వనిధి పథకం వచ్చింది. మొదట పదివేలు అప్పు ఇచ్చేవారు, ఏడాదిలో కట్టాలి. సరిగ్గా కడితే ఏడు శాతం వడ్డీ రాయితీ మన అకౌంట్లోనే వేస్తారు, పైగా అప్పట్లో రెండోసారి ఇరవై వేలు ఇచ్చేవారు. ఆ పదివేలతో నేను చేసిన మొదటి పని నూనె డబ్బా నగదు పెట్టి కొనడం. అరువు ధరకూ నగదు ధరకూ ఉన్న తేడాయే నాకు నెల తిరిగేసరికి కిస్తీ అంత అయింది. ఇప్పుడు ఆ పథకం మొదటి విడత పదిహేను వేలకు, రెండోది ఇరవై ఐదు వేలకు పెంచి, 2030 మార్చి దాకా పొడిగించారు. అర్హత ఉన్నవాళ్లు మున్సిపల్ ఆఫీసులో కనుక్కోండి.

2024లో గ్రైండర్ కోసం, చిన్న వ్యాపారాలకు బ్యాంకులు ఇచ్చే ముద్ర లోన్‌కి వెళ్లాను. శిశు అని అందులో యాభై వేల దాకా ఇస్తారు. మేనేజర్ గారు "నెలకు ఎంత అమ్ముతారమ్మా" అన్నారు. చెప్పాను. "ఏదైనా ఆధారం ఉందా?" అన్నారు. పూర్వమైతే నా దగ్గర నూనె మరకల నోటుపుస్తకం తప్ప ఏమీ ఉండేది కాదు. ఈసారి స్కాన్ డబ్బులు పడ్డ పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించి ఇచ్చాను. ఇరవై, ముప్పై, నలభై, ఇరవై... పేజీలకు పేజీలు. ఆదివారాలు ఎక్కువ, సోమవారాలు తక్కువ. ఆయన నాలుగు పేజీలు తిప్పి "రోజూ తీస్తున్నారే బండి" అన్నారు. ఐదేళ్ల నా సాయంత్రాలను ఒకరు చదివినట్టనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. లోన్ వచ్చింది.

ఇక లోపాలు. వాన గట్టిగా పడితే సిగ్నల్ పోతుంది, డబ్బా మూగబోతుంది. పోయినేడు అలాంటి ఒక సాయంత్రం ఒక కాలేజీ పిల్లవాడు డబ్బులు కొట్టానన్నాడు, డబ్బా పలకలేదు. ఆ పాత స్క్రీన్‌షాట్ మనిషి మనసులో ఉండి, పావుగంట ఆ పిల్లవాణ్ణి వానలో నిలబెట్టాను. చివరికి జేబులు వెతికి నగదు ఇచ్చి వెళ్లాడు. రాత్రి ఫోన్‌లో చూస్తే అతను కొట్టిన నలభై ఎప్పుడో పడింది. మూడు రోజులు ఎదురుచూసి, కనిపించగానే డబ్బు తిరిగిచ్చి క్షమించమన్నాను. వాన రోజుల్లో డబ్బా మాట ఒక్కటే నమ్మకండి, ఫోన్ చూడటానికి పక్కన ఒక పొడి చెయ్యి ఉండాలి.

రెండోది, రిపేరుకు ఇచ్చిన పన్నెండు రోజులకూ అద్దె కట్ చేశారు. అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. డబ్బా చూసుకోవడానికి వచ్చే కుర్రాడు వచ్చినప్పుడల్లా "మీకు లక్ష లోన్ రెడీగా ఉందమ్మా, రోజూ పడే డబ్బుల్లోంచి కొంచెం కొంచెం కట్ అవుతుంది, మీకు తెలియను కూడా తెలియదు" అంటాడు. తెలియకుండా పోయే డబ్బే నాకు భయం. మొత్తం ఎంత కట్టాలో కాగితం మీద రాసిమ్మంటే మళ్లీ వస్తానని వెళ్లాడు. మీరూ రాసిమ్మని అడగండి.

నా మట్టుకు ఐదుకు నాలుగు మార్కులు. చేతులు ఖాళీ లేని పని చేసేవాళ్లు, బజ్జీలు, దోసెలు, చెరుకు రసం వాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. అందరికీ మాత్రం చెప్పను. మా బండి పక్కన మల్లెపూలు అమ్మే పిన్ని నన్ను చూసి తనకూ కావాలంది. ఆవిడ తెల్లవారుజామున మార్కెట్లో పూలకు నగదే ఇవ్వాలి, అకౌంటేమో కొడుకు పేరు మీద ఉంది. స్కానర్ పెడితే పగలంతా అమ్మిన డబ్బు రాత్రికి అతని దగ్గరికి వెళ్తుంది, తెల్లారి పూలు కొనడానికి ఆవిడ చెయ్యి చాపాలి. అందుకే వద్దన్నాను. పోయిన నెల ఇద్దరం బ్యాంకుకు వెళ్లి ఆవిడ పేరు మీద అకౌంట్ తెరిచాం. ఇంకా పాస్‌బుక్ రావాలి.