డచ్చి కోర్టు కాగితాల్లో మా అత్తగారి పూర్వీకులు: ఆరేళ్లు వాడాక నా అభిప్రాయం

మా అత్తగారి పుట్టింటి పేరు ఒక నెల పేరు. మేముండే దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో అలాంటి ఇంటిపేర్లు మామూలే, ఫిబ్రవరి అనీ సెప్టెంబర్ అనీ. ఓడలో బానిసగా తెచ్చి అమ్మిన మనిషికి కొన్నవాడు తోచిన పేరు పెట్టేవాడు. తరవాత అదే మనవల ఇంటిపేరై నిలిచిపోయింది. పెళ్లయిన కొత్తలో అత్తగారు నన్ను అడిగింది ఒక్కటే: "నువ్వు కంప్యూటర్ల పిల్లవి కదా, మా నాన్న వైపు వాళ్లు ఎక్కడి వాళ్లో చూసిపెట్టమ్మా." ఆ మాట పట్టుకుని ఆరేళ్లుగా, ఒకప్పుడు ఈ ఊరిని ఏలిన డచ్చి ఈస్టిండియా కంపెనీ కాలపు కోర్టు కాగితాలు చదువుతున్నాను. సెలవు రోజుల్లో, పిల్లాడు పడుకున్నాక, ఆఫీసులో భోజనం టైంలో. ఇంత వాడాక నాకు తెలిసింది రాస్తే ఈ పని మొదలుపెట్టబోయే వాళ్లకు కొంత టెన్షన్ తగ్గుతుందని అనిపించింది.

ముందే చెప్పేస్తాను. వంశవృక్షం గీయడానికి ఈ కాగితాలు పెద్దగా పనికిరావు. తండ్రి, తాత, ముత్తాత అని వరస కట్టాలంటే వేరే పుస్తకాలున్నాయి. ఆ వరసలో ఒక్క మనిషి ఏం మాట్లాడాడో వినాలని ఉంటే మాత్రం వీటి దగ్గరికే రావాలి.

దారి ఇప్పటి నుంచి వెనక్కే నడవాలి. 1834 నుంచి చనిపోయినవాళ్ల ఆస్తుల ఫైళ్లలో మరణ నోటీసులు ఉంటాయి, వాటిలో చాలాసార్లు తల్లిదండ్రుల పేర్లు దొరుకుతాయి. బానిసత్వం రద్దయింది కూడా ఆ ఏడాది డిసెంబరు 1నే. దానికి ముందు 1816లో మొదలైన బానిసల రిజిస్టర్లు. ఇంకా వెనక్కి వెళ్తే 1673లో పెట్టిన అనాథల మండలి కాగితాలు. చిన్నపిల్లల్నో, దూరాన ఉన్న వారసుల్నో వదిలి ఎవరైనా చనిపోతే వాళ్ల ఇంట్లో ఉన్న వస్తువులన్నీ ఈ మండలి జాబితాలో రాసేది, వేలం వేస్తే ఎవరికి ఎంతకు పోయిందో రాసేది. రాగి గిన్నెలు, ఎద్దులు, కుర్చీలు, వాటి మధ్యలో మనుషులు. ఏటా పన్ను కోసం రాసిన పట్టీల్లోనైతే బానిసల పేర్లు కూడా ఉండవు, ఎంతమందో లెక్క మాత్రమే. మా అత్తగారి పూర్వీకుడు నాకు మొదట దొరికింది ఒక వేలం జాబితాలోనే. పేరు, పక్కన "ఫాన్ ద కుస్ట్" అని, ఆ పక్కన అప్పటి డబ్బు రిక్స్‌డాలర్లలో ధర. ఆ రోజు నేను ఆ ధర అత్తగారికి చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

"ఫాన్ ద కుస్ట్" అంటే "కోస్తా నుంచి" అని. ఏ కోస్తా? కోరమండల్ కోస్తా, అంటే మన తూర్పు తీరం. నేను పుట్టింది కాకినాడ జగన్నాథపురంలో. అది ఒకప్పుడు డచ్చి వాళ్ల స్థావరమని ఎక్కడో చదివాను తప్ప ఎప్పుడూ మనసుకు పట్టించుకోలేదు. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేరులో వలందు అంటే హాలెండు వాడే. భీమిలి, పాలకొల్లు, ద్రాక్షారామం, అన్నిచోట్లా వాళ్ల గిడ్డంగులు ఉండేవి. మన వైపు నుంచి వాళ్లు నేసిన గుడ్డలు పట్టుకెళ్లారని స్కూల్లో చెప్పారు. కరువు వచ్చిన ఏళ్లలో మనుషుల్ని కూడా కొని ఎక్కించారని చెప్పలేదు. 1659 నుంచి 1661 దాకా వచ్చిన కరువులో తంజావూరు ప్రాంతం నుంచి వేలమందిని అలాగే తీసుకుపోయారు.

"ఫాన్ ద కుస్ట్" అన్న ముక్క చూసి "మన తెలుగువాడే" అని ఎగిరి గంతేశాను. మా ఆయన నవ్వలేదు కానీ, "కోస్తా పెద్దది కదా" అన్నారు. నిజమే. నాగపట్నం నుంచి భీమిలి దాకా అంతా వాళ్లకు కుస్టే. తెలుగు కావచ్చు, తమిళం కావచ్చు. ఒక్కోసారి గుమాస్తా ఊరి పేరే రాస్తాడు, పులికాట్ వాళ్లకు "ఫాన్ పలియకట్టా" అని. అలాంటి అదృష్టం మాకు పట్టలేదు.

పులికాట్, మన పాత మాటలో ప్రళయకావేరి, 1690 దాకా ఈ కోస్తా మొత్తానికి డచ్చి వాళ్ల ముఖ్య స్థావరం. 1613లో కట్టిన గెల్డ్రియా కోట అక్కడే. ఆ ఊరి నుంచి బటావియాకు, అంటే నేటి జకార్తాకు, బానిసగా చేరిన కాత్రైన్ అనే ఆవిడ కేసుతోనే నాకు కోర్టు కాగితాల విలువ అర్థమైంది. తనతో ఉంటున్న మనిషిని చంపిందని 1656లో అక్కడి కోర్టు మరణశిక్ష వేసింది. తరవాత దాన్ని తగ్గించి, బతికినంత కాలం కేప్‌లో, అంటే ఈ కేప్‌టౌన్ ప్రాంతంలో, ఉండాలని పంపేశారు. 1657లో వచ్చి ఇక్కడి కోటలో బట్టలు ఉతికేది. ఆవిడ కొడుకు క్రిస్టోఫెల్ స్నైమాన్. ఇవాళ దక్షిణాఫ్రికాలో స్నైమాన్ ఇంటిపేరుతో ఉన్న పెద్ద వంశానికి మూలం అతనే. చర్చి పుస్తకం పెళ్లి తేదీ చెప్తుంది, బాప్తిస్మం తేదీ చెప్తుంది. ఆవిడ ఈ ఊరికి ఎలా వచ్చి పడిందో చెప్పేది కోర్టు కాగితమే.

ఇక అసలు కాగితాల సంగతి. కేప్ న్యాయమండలి ఫైళ్లు రోలాండ్ వీధిలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఒకప్పటి జైలు ఉన్న స్థలం అది. పెన్సిల్ తప్ప ఏదీ లోపలికి తీసుకెళ్లకుండా కూర్చుని, పాత జైలు చోట పాత ఖైదీల మాటలు చదవడం మొదటి రోజు నాకు చాలా బరువుగా అనిపించింది.

విచారణ పత్రం చూడగానే గుర్తుపట్టవచ్చు. కాగితాన్ని నిలువుగా మడిచి ఎడమవైపు ప్రశ్నలు, కుడివైపు జవాబులు రాస్తారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ పేరు, వయసు, ఊరు. వయసు దగ్గర దాదాపు ప్రతిసారీ "ఔట్ నార్ గిస్సింగ్" అని ఉంటుంది, అంటే "ఉజ్జాయింపున ఇన్నేళ్లు". ఆ మనిషికి తన వయసు తెలియదు, చూసి గుమాస్తా వేసిన లెక్క. ఈ సంగతి తెలియక ఐదు నెలలు అదే పేరుతో అసలు లేనే లేని ఇంకో మనిషి వెంట తిరిగాను. మా మనిషికి 30 అని ఒకచోట, మూడేళ్ల తరవాత 40 అని ఇంకోచోట ఉంటే ఇద్దరు అనుకున్నాను. ఒక్కడే.

జవాబులన్నీ "అతను చెప్పాడు" అన్న తీరులో ఉంటాయి. అతను మాట్లాడింది పోర్చుగీసు యాసలోనో మలయ్‌లోనో, గుమాస్తా రాసింది డచ్చిలో. చివర మళ్లీ చదివి వినిపించి, అవునని ఒప్పించుకుని, సంతకం రానివాళ్ల చేత గుర్తు పెట్టించేవారు. నేరం ఒప్పుకున్న పత్రాల్లో ఒక మాట తరచూ కనిపిస్తుంది: "హింస లేకుండా, ఇనుప సంకెళ్లు లేకుండా" చెప్పాడు అని. ఆ మాట రాయాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోవచ్చు. ఒప్పుకోలు కోసం హింస పెట్టడానికి అప్పటి చట్టం ఒప్పుకునేది. అందుకే ఏ ఒప్పుకోలునూ ఉన్నదున్నట్టు నమ్మి "మా పూర్వీకుడు దొంగ" అని రాసుకోవద్దని నా మనవి. భయపడిన మనిషి చెప్పిన మాట అది, ఇంకొకరి భాషలో, ఇంకొకరి చేతిరాతలో.

చేతిరాత దగ్గరికి వస్తే, మొదటి ఆరు నెలలు ఏడుపే. మా ఆయనకు డచ్చి నుంచి పుట్టిన అఫ్రికాన్స్ భాష వచ్చు కాబట్టి మాట అర్థమయ్యేది, అక్షరం కాదు. నా పెద్ద పొరపాటు తేదీల్లో జరిగింది. "8బర్" అని ఉంటే ఎనిమిదో నెల, ఆగస్టు అనుకున్నాను. అది అక్టోబరు. 7బర్ సెప్టెంబరు, 9బర్ నవంబరు. పాత లాటిన్ లెక్క. దీనివల్ల ఒక కేసులో సంఘటనల వరస మొత్తం తారుమారు చేసుకున్నాను. చదవడం నేర్చుకోవాలంటే నైజెల్ వోర్డెన్, జెరాల్డ్ గ్రూనెవాల్డ్ అనే చరిత్రకారులు 2005లో అచ్చు వేయించిన సంపుటిని దగ్గర పెట్టుకోండి. 1705 నుంచి 1794 దాకా కేప్ బానిసల కేసులు కొన్ని మూలం, ఇంగ్లీషు రెండూ ఉన్నాయి. ఒకే రకం వాక్యాలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి పదిహేను కేసులు చదివేసరికి చెయ్యి తిరుగుతుంది.

ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు ఇప్పుడు రోజులు బాగున్నాయి. నెదర్లాండ్స్‌లో హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్ కంపెనీ కాగితాల స్కాన్లు ఉచితంగా ఇస్తుంది. గ్లోబలైజ్ అనే ప్రాజెక్టు సుమారు 50 లక్షల స్కాన్లను యంత్రంతో చదివించి వెతకడానికి వీలుగా పెట్టింది. యంత్రం చదివిన ఏ పాఠంలోనైనా పేర్లు తప్పుతాయి, అది మనసులో పెట్టుకుని వెతకాలి. కుస్ట్‌ను సీ తోనూ రాస్తారు, కే తోనూ రాస్తారు. కోరమండల్‌ను ఒక గుమాస్తా రాసినట్టు ఇంకో గుమాస్తా రాయడు. ఇంకో మాట: కేసుల సూచికలో ఉండేది నిందితుడి పేరు. సాక్షుల పేర్లు అందులో ఉండవు. మన మనిషి సాక్షి అయితే సూచికలో వందేళ్లు వెతికినా దొరకడు. అతని యజమాని పేరు పట్టుకుని, ఆ ఇంటి చుట్టూ జరిగిన కేసులన్నీ తిప్పాలి. మా మనిషి నాకు అలాగే దొరికాడు, నాలుగో ఏట.

డబ్బిచ్చి చేయించుకోవచ్చు కదా అంటే, ఒకసారి చేయించాం. ఒక పరిశోధకుడు రెండు నెలల్లో పదకొండు తరాల చెట్టు చక్కగా ప్రింటు వేసి ఇచ్చాడు. అత్తగారు ఫ్రేమ్ కట్టించారు. నేను ఒక్కో పేరూ కాగితంతో సరిచూసుకుంటూ వెళ్తే, ఆరో తరం దగ్గర ఒకే పేరున్న ఇద్దరిని ఒకటి చేసేశాడు. అక్కడి నుంచి పైనున్నది అంతా వేరేవాళ్ల వంశం. ఆ ఫ్రేమ్ గోడ మీద నుంచి దించిన రోజు ఆవిడ ముఖం నేను మరచిపోలేను. ఎవరికైనా పని ఇస్తే ప్రతి గీతకూ కాగితం నంబరు రాసిమ్మని ముందే అడగండి. ఇవ్వనంటే అక్కడే ఆపేయండి.

కోస్తా నుంచి వచ్చిన మా మనిషి వాంగ్మూలం పేజీన్నర. 1740ల నాటిది. పారిపోయిన ఇద్దరి గురించి సాక్ష్యం. తాను కట్టెలు కొడుతున్నాననీ, చీకటి పడ్డాక వాళ్లు వచ్చారనీ, రొట్టె అడిగితే ఇచ్చాననీ చెప్పాడు. ఎటు వెళ్లారని అడిగితే చూడలేదన్నాడు. నాకైతే చూశాడనే అనిపిస్తుంది. మళ్లీ అడిగారు, మళ్లీ అదే జవాబు. కింద గుర్తు పెట్టాడు. చాలామందిలా అడ్డంగా నిలువుగా రెండు గీతలు కాదు, వంకరగా ఒక సున్న.

ఆ పేజీని పెద్దదిగా ప్రింటు తీసి అత్తగారికి ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, డచ్చి అంతా వదిలేసి, ఆ సున్న మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నారు. తరవాత, "రొట్టె ఇచ్చాడా?" అని అడిగారు. "ఇచ్చాడు, అత్తయ్యా" అన్నాను. ఇంటికి ఎవరొచ్చినా ఇప్పుడు ఆ సంగతే చెప్తున్నారు.

పేజీ కింది మూల చినిగి, చివరి మూడు జవాబులు పోయాయి. కేప్ కేసుల నకళ్లు కంపెనీ హాలెండుకు కూడా పంపించేది. ఆ ఏడాది నకలు హేగ్ స్కాన్లలో వెతుకుతున్నాను. ఇప్పటికి నాలుగు వందల పేజీలు తిప్పాను.