ఒక్క ఈటె రూల్ కోసం

రోమన్ కాలంలో నడిచే మా టేబుల్‌టాప్ గేమ్ (బల్ల చుట్టూ కూర్చుని పాచికలేస్తూ ఆడే కథ) కోసం ఆయుధాలు, కవచాల పుస్తకం ఒకటి కొని చాలాకాలమైంది. గ్లాడియస్ కత్తికి ఎంత డ్యామేజ్, హెల్మెట్‌కి ఎంత రక్షణ లాంటివి ఎందులోనైనా ఉండేవే, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది పీలం గురించి. రోమన్ లెజియన్ (పెద్ద సైనిక దళం) సైనికుడు కత్తి దూసే ముందు విసిరే ఈటె అది. నేను ఆడిన మిగతా గేముల్లో తగిలితే ఎదుటివాడికి పాయింట్లు పోతాయి, తగలకపోతే ఈటె వృథా. అంతే కథ.

ఇందులో డాలు అడ్డం పెడితే ఒంటికి దెబ్బ తగలదు, కానీ పీలం డాలులోనే దిగబడిపోతుంది. అక్కణ్ణుంచి ఆ డాలు మోసేవాడికి అన్నిటికీ పెనాల్టీ. పీక్కోవాలంటే ఒక టర్న్ పోతుంది, అదీ పాచిక కలిసొస్తేనే. సుమారు ఆరడుగుల ఈటె, అందులో ముందు రెండడుగులు సన్నటి ఇనుప కడ్డీ, డాలుకి వేలాడుతుంటే ఎవడు మాత్రం పోరాడతాడు?

మేం ఆడుతున్న కథ క్రీ.పూ. 58లో, రోమన్ సేనాని సీజర్ గాల్‌లోకి (దాదాపు ఇప్పటి ఫ్రాన్స్) వచ్చిన కొత్తల్లో. గేమ్ మాస్టర్ని, అంటే కథ నడిపేవాణ్ణి, నేనే. మార్పుగా ఉంటుందని ఒక సెషన్‌లో మావాళ్లను సీజర్‌తో తలపడ్డ హెల్వెటీ తెగ పక్షాన పెట్టి, బిబ్రాక్టె దగ్గర కొండ మీదున్న రోమన్ల పైకి పంపాను. మొదటి విడత పీలాలు వచ్చాయి. అందరి డాళ్లూ కాచాయి, ఒక్క పాయింటు పోలేదు. మావాళ్లు తెగ సంబరపడ్డారు. అప్పుడు పెనాల్టీ చదివి వినిపించాను. దానికి తోడు పక్కపక్కనున్న రెండు డాళ్లను ఒకే పీలం కలిపి గుచ్చేసే వీలు కూడా రూల్‌లో ఉంది. పాచిక సరిగ్గా అలాగే పడింది. "నువ్వు వదలరా", "నేనెందుకు వదలాలి, నువ్వే వదులు" అని ఇద్దరూ వాదులాడుకుంటుంటే రోమన్లు కత్తులు దూసి కిందికి దిగారు. చివరికి ఇద్దరూ డాళ్లు పారేసి వట్టి ఒంటితో నిలబడ్డారు.

సీజర్ తన గాల్ యుద్ధాల పుస్తకంలో ఈ పోరు గురించి రాసింది కూడా ఇదే. ఒక్క దెబ్బకి డాళ్లు కలిసి గుచ్చుకున్నాయి, ఇనుము వంగిపోయి ఊడి రాలేదు, చాలామంది చేతులు విదిలించి విదిలించి ఆఖరికి డాళ్లు వదిలేసి పోరాడారు అంటాడు. మావాళ్లెవరూ అది చదవలేదు. రూలే వాళ్లని అక్కడికి నడిపించింది. నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అయితే ఎదుటివాడి చేతిలో డాలు లేకపోతే ఈ ముచ్చటంతా లేదు. రోమ్ సందుల్లో దొంగలతో కొట్లాటకి పీలం ఎందుకు? పెద్ద యుద్ధమైతే ఏ డాలులో ఏ ఈటె ఉందో రాసుకోలేక నా తల తిరిగిపోయింది. ఇప్పుడు ఆటగాళ్లకి, వాళ్ల ముఖ్య శత్రువుకి మాత్రమే ఈ రూల్ వాడుతున్నాను.

అసలు చిరాకు కవచాల పట్టిక దగ్గర. ఇనుప రింగులు అల్లిన హమాటా, పట్టీల సెగ్మెంటాటా పక్కపక్కనే ఉంటాయి, ఏది ఏ కాలానిదో ఒక్క ముక్క లేదు. సీజర్ నాటికి సెగ్మెంటాటా వచ్చిన దాఖలాలే లేవు. క్రీ.శ. 9లో రోమన్ సేనాని వారస్ సైన్యం నాశనమైన పోరుకి ముడిపెట్టే జర్మనీలోని కాల్‌క్రీజెలో దొరికింది గానీ సీజర్ మనుషులు వేసుకున్నది హమాటా. సినిమాల్లో చూసిన సెగ్మెంటాటానే కావాలని మావాడొకడు పట్టుబడితే నేనే కాదనాల్సొచ్చింది. ఆ పని పుస్తకం చేయాలి కదా. ఒకటి మాత్రం బాగా రాశారు: సెగ్మెంటాటా ఇత్తడి కొక్కేలు, మడతబందులు తరచూ విరుగుతాయి, రిపేరుకి వేరే పాచిక వేయాలి. ఇంగ్లండ్‌లో కార్‌బ్రిడ్జ్ దగ్గర 1964లో బయటపడ్డ కవచాల మీద అలాంటి అతుకులు బోలెడు.

మాది నలుగురి గుంపు, అందరికీ యుద్ధాలంటేనే సరదా, నాకు చరిత్ర పిచ్చి. కాబట్టి మాకు సరిపోయింది. మీ కథ సెనేట్ ఎత్తుగడల చుట్టూ తిరిగేదైతే ఇందులో సగం పేజీలు తెరవరు. నాకిది డిస్కౌంట్‌లో దొరికింది. పూర్తి ధరకైతే ఆ పీలం పేజీ ఫ్రెండ్ దగ్గర ఫొటో తీసుకునేవాణ్ణేమో.