గేటు ముందు మడత పోల్: పరాయి ఊరి కార్లకి పర్వాలేదు, పక్కింటి కారుకి పనికిరాదు

ముందే చెప్పేస్తున్నానండి. గేటు ముందు ఎవరూ కారు పెట్టకుండా బిగించుకునే ఈ మడత పోల్ పరాయి ఊరి కార్లని ఆపుతుంది, పక్కింటాయన కారుని మాత్రం ఆపదు. మీ బాధ ఈ రెండిట్లో ఏదో తేల్చుకుని అప్పుడు డబ్బులు పెట్టండి.

మాది నరసాపురం, గోదావరి దాటించే పంటు (పెద్ద పడవ) రేవుకి పోయే దారిలో ఇల్లు. సఖినేటిపల్లి వైపు దాటేవాళ్లలో చాలామంది కారు ఇటే వదిలేసి పంటు ఎక్కేస్తారు. భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం అంటే ఇక చెప్పక్కర్లేదు, గేటు తీసి చూస్తే ఎవరిదో కారు ర్యాంపు మీద ఉంటుంది, దాని ఓనరు గోదావరికి అవతల ఉంటాడు. సంక్రాంతికి హైదరాబాద్ బళ్ల సంగతీ ఇంతే. అందుకని ఆన్‌లైన్‌లో 1,800 పెట్టి ఈ పోల్ తెప్పించాను. కింద ఇనప పలక, నాలుగు యాంకర్ బోల్టులు, పైకి లేపి తాళం వేస్తే మోకాలి ఎత్తుకి వచ్చే గొట్టం, దాని మీద పసుపూ నలుపూ రేడియం స్టిక్కరు. తాళం తీసి పడుకోబెడితే మన కారు దాని మీదుగా వెళ్లిపోతుంది. చూడ్డానికి బాగానే ఉంది, చీకట్లో లైటు పడితే దూరం నుంచే మెరుస్తుంది, దాన్ని చూసి బయటి బళ్లు నిజంగానే ముందుకెళ్లి ఆపుకుంటున్నాయి. ఆ మేరకు పెట్టిన డబ్బు గిట్టింది.

గొడవంతా వానాకాలంలో మొదలైంది. మా వైపు ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదని అందరికీ తెలిసిందే, ఆ కంపెనీవాళ్లకి తప్ప. పెయింట్ కింద నుంచి తుప్పు పొక్కులు పొక్కులుగా లేచింది, పలక అంచు గోటితో గీరితే రాలిపోయేలా తయారైంది. తాళం బిగుసుకుపోయి తాళంచెవి సగం తిరిగి ఆగిపోయేది. సాయంత్రం రైలు టైముకి కారు బయటికి తీయాలంటే ఆ పోల్ దగ్గర గొంతుక్కూర్చుని కుస్తీ పట్టాలి, వెనకాల ఇంట్లోవాళ్లు హారన్ కొడుతుంటారు, అదో టెన్షన్. కొబ్బరినూనె పోస్తే రెండ్రోజులు బాగుండి మళ్లీ జిగురు పట్టేసింది. కుట్టుమిషన్ నూనె వాడండి, అదే నయం.

ఇంకోటి, బోల్టులు. డ్రైను మీద వేసిన స్లాబు పల్చగా ఉంటుంది కదా, దాంట్లో హ్యామర్ డ్రిల్లుతో బోల్టు దింపితే పైకి గట్టిగానే అనిపిస్తుంది గానీ పట్టు ఉండదు. పైగా మనది నల్లరేగడి నేల, వానకి ఉబ్బి ఎండకి బీటలిస్తుంది, స్లాబు కదిలినప్పుడల్లా బోల్టు వదులవుతుంది. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఇన్‌స్టాలేషన్ తప్పు అన్నారు, అక్కడితో సరి.

చివరికి అది పీకించేసి మా ఊళ్లోనే వెల్డింగ్ షాపులో జీఐ పైపుతో (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనప పైపు) చేయించాను. ర్యాంపు మీద, గేటు ముందు మన స్థలంలోనే గొయ్యి తీసి కాంక్రీటు పోసి దించారు. అన్నీ కలిపి 2,600 అయింది. అందం లేదు గానీ ఒక వానాకాలం గడిచింది, ఇంతవరకూ కదల్లేదు. కొనేవాళ్లకి నా మాట ఇదే, ఆన్‌లైన్‌ది వద్దు, దగ్గరుండి చేయించుకోండి.

ఇక పక్కింటాయన సంగతి. ఆయన ర్యాంపు ఎక్కడు, రోడ్డు మీదే పెడతాడు, కానీ కారు వెనకభాగం మన గేటులో సగం దాకా వచ్చేస్తుంది. పోల్ మన స్థలంలో ఉంటే దానికేం లెక్క? పోనీ పోల్ తీసుకెళ్లి రోడ్డు మీద పాతుదామంటే రోడ్డు మున్సిపాలిటీది, అలా పాతితే తప్పు మనదే అవుతుంది. "బాబాయి గారూ, కాస్త ముందుకి తీయించండి" అని ఎన్నిసార్లడిగినా "ఐదు నిమిషాలేనండి, ఎందుకండీ అంత కంగారు" అనేవాడు. ఆయన ఐదు నిమిషాలు భోజనం చేసి కునుకు తీసి లేచేదాకా నడుస్తాయి.

దీనికి పనిచేసింది 112, అదే పోలీసుల ఎమర్జెన్సీ నెంబరు. ఒక ఇంటి దారికి అడ్డంగా బండి ఆపకూడదని 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది, దారికి అడ్డంగా వదిలేసిన బండిని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 127 కింద పోలీసులు లాగించేయొచ్చు. పబ్లిక్ దారికి అడ్డం పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 285 ప్రకారం 5,000 వరకు జరిమానా పడొచ్చు. మా దగ్గరికి క్రేనేమీ రాలేదు. కానిస్టేబులు వచ్చి, నెంబరు ప్లేటూ మన గేటూ ఒకే ఫ్రేములో పడేలా నేను తీసిన ఫోటోలు చూసి, ఆయన్ని బయటికి పిలిచి మెత్తగానే చెప్పాడు. పక్కింటాయన లుంగీతోనే వచ్చి కారు తీశాడు. అప్పట్నుంచి గేటు ఖాళీగానే ఉంటోంది. వాళ్లింటి నుంచి ఏటా వచ్చే ఆవకాయ మాత్రం ఈ ఏడాది రాలేదు, దానికి నేను రెడీగానే ఉన్నాను. కోపంలో టైర్లలో గాలి తీయడం, గీతలు గీయడం లాంటివి చేయకండి, కేసు తిరిగి మన మీదకే వస్తుంది.

ఆన్‌లైన్ పోల్‌కి ఐదుకి రెండు, వెల్డింగ్ షాపుదానికి నాలుగు. అద్దెకుంటున్నవాళ్లు ఓనరుని అడక్కుండా కాంక్రీటు పోయించకండి. సంక్రాంతికల్లా కావాలంటే ధనుర్మాసం మొదట్లోనే అడ్వాన్సు ఇచ్చేయండి, ఆ షాపు కుర్రాళ్లు కోడిపందేల బరుల దగ్గర షెడ్లు బిగించే పనిలో పడ్డారంటే మన పోల్ మొహం చూసేవాడుండడు.