చెన్నై ఉప్పుగాలిలో యూనివర్సల్ సెంట్రల్ లాక్ కిట్: ఏళ్ల వాడకం తర్వాత

సెంట్రల్ లాక్ లేకుండా వచ్చే బేస్ మోడల్ కార్లకి బయటి షాపులో కొని బిగించుకునే నాలుగు తలుపుల కిట్ ఇది. డ్రైవర్ తలుపుకి అయిదు తీగల మోటారు, మిగతా మూడింటికి రెండు తీగల మోటార్లు, ఒక కంట్రోల్ బాక్సు, రెండు రిమోట్లు వస్తాయి. తిరువాన్మియూర్‌లో సముద్రానికి దగ్గరగా, పగలంతా ఎండలో నిలిచే కారులో ఏళ్ల తరబడి వాడాను. కిట్ మంచిదే. దానితో ఇచ్చే స్క్రూలు, దాన్ని బిగించే తీరు మాత్రం బాగోవు. లాక్ పనిచేయకపోతే చాలాచోట్ల ముందు మోటారు మార్చేయమంటారు. మోటారు కంటే ముందు పోయేది తీగ, అదీ ఎక్కువగా ఒకే చోట.

తలుపుకీ బాడీకీ మధ్య ముడతల రబ్బరు గొట్టం ఉంటుంది కదా, ఆ చోటు. తలుపు తీసినప్పుడల్లా లోపలి తీగలు అక్కడే వంగుతాయి. డ్రైవర్ తలుపు అన్నిటికంటే ఎక్కువసార్లు తెరుచుకుంటుంది కాబట్టి ముందు దాని తీగలే తెగుతాయి. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే విరిగిపోతాయి. పగుళ్లలోంచి ఉప్పుతేమ చేరితే మిగిలిన పోగులకి పచ్చటి చిలుము పడుతుంది. ఇలాంటి తీగ దగ్గర మల్టీమీటరు మోసపోతుంది. ఒక్క పోగు మిగిలినా, మోటారు కనెక్టర్ విప్పి చూస్తే మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. మోటారు తగిలిస్తే మాత్రం ఆ పోగు అంత కరెంటు మోయలేక వోల్టేజి కూలిపోతుంది. పైగా లాక్ పల్స్, అంటే బాక్సు మోటారుకి పంపే కరెంటు, సెకను లోపే అయిపోతుంది, మామూలు డిజిటల్ మీటరు అంకె కుదురుకునే లోపే అంతా ముగుస్తుంది.

అందుకే ఈ పనికి 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు తీగలు అతికించి పెట్టుకోవడం మేలు. అది దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. మోటారు రెండు తీగల మధ్య పెట్టి రిమోట్ నొక్కండి. బల్బు తెల్లగా ధగ్గున వెలిగితే తీగలు బాగున్నాయి, మోటారునో లాక్‌నో చూడాలి. ఎర్రగా మినుకుమంటే దారిలో ఎక్కడో తీగ పోయింది. అప్పుడు తలుపుని మెల్లగా తెరుస్తూ, మూస్తూ మళ్ళీ నొక్కండి. ఒక కోణంలో వెలిగి, ఇంకో కోణంలో ఆరితే రబ్బరు గొట్టంలోనే తెగిందని తేలిపోతుంది.

దాన్ని అక్కడికక్కడే మెలిపెట్టి టేపు చుట్టడం దండగ. అతుకు దగ్గర తీగ బిర్రుగా మారి, దాని పక్కనే మళ్ళీ తెగుతుంది. సన్న పోగులున్న 1 చదరపు మిల్లీమీటరు మెత్తటి తీగ కొత్తది తీసుకుని, ఒక అతుకు తలుపు లోపలా, రెండోది డాష్‌బోర్డు పక్క ప్యానెల్ లోపలా వచ్చేలా వేయండి. వంగే చోట అతుకే ఉండకూడదు. సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే హీట్ ష్రింక్ స్లీవు వేసి, తలుపు పూర్తిగా తెరిచినా బిగుసుకోనంత వదులు ఉంచండి. నల్ల పీవీసీ టేపు చెన్నై మే ఎండకి జిగురు కరిగి ఊడిపోతుంది, వైరింగ్‌కి వాడే గుడ్డ టేపే నిలుస్తుంది.

ఇంకో పెద్ద తలనొప్పి, నొక్కగానే లాక్ పడి వెంటనే తెరుచుకోవడం. బాక్సు పోయిందని అనుకుంటారు కానీ సాధారణంగా తప్పు డ్రైవర్ తలుపు మోటారుది. ఆ అయిదు తీగల్లో రెండు మోటారువి, మూడు లోపలి స్విచ్‌వి. మోటారువి చాలా కిట్లలో ఆకుపచ్చ, నీలం ఉంటాయి, అయినా మీ కిట్‌తో వచ్చిన కాగితం చూసే నిర్ధారించుకోండి. మోటారుని తలుపు లాక్‌కి కలిపే రాడ్ పూర్తి దూరం కదలకపోతే స్విచ్ మధ్యలో ఆగి, ‘తెరవమని’ బాక్సుకి తిరిగి చెబుతుంది. ఆ మూడు తీగల కనెక్టర్ విప్పి రిమోట్ నొక్కండి. లాక్ పడి అలాగే ఉండిపోతే బాక్సు బాగున్నట్టే. రాడ్ క్లాంపు స్క్రూ జారిందా, మోటారు వంకరగా బిగించారా చూడండి. రాడ్ సుమారు 2 సెంటీమీటర్లు కదులుతుంది, ఆ కదలిక మధ్య భాగం తలుపు లాక్ కదలిక మధ్యకి సరిపోవాలి. ఒక తలుపు మాత్రం మిగతావాటికి ఎదురు తిరిగితే, దాని మోటారు రెండు తీగలు తారుమారు చేస్తే చాలు.

మోటారు గుర్రుమని తిరుగుతూ రాడ్ కదలకపోతే లోపలి ప్లాస్టిక్ పళ్లు అరిగాయి, అది మార్చాల్సిందే. చెన్నైలో కారు విడిభాగాలమ్మే జనరల్ ప్యాటర్స్ రోడ్డులో విడి మోటారు దొరుకుతుంది, మొత్తం సెట్టు కొననక్కర్లేదు. కానీ పళ్లు ఎందుకు అరిగాయో చూడకుండా కొత్తది వేస్తే అదీ అంతే. గ్రీజు ఎండి లాక్ బిగుసుకుపోయి ఉంటుంది. తుప్పు వదిలించే స్ప్రేతో కడిగి, తుడిచి, ఆ తర్వాత తెల్ల లిథియం గ్రీజు కొద్దిగా పెట్టాలి. స్ప్రే ఒక్కటే కొట్టి వదిలేస్తే త్వరగానే మళ్ళీ ఎండిపోతుంది. వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోకపోతే మోటారు విప్పే ముందు చైల్డ్ లాక్ చూడండి.

నాలుగు తలుపులూ ఒకేసారి చచ్చిపోతే ముందు ఫ్యూజు, తర్వాత ఎర్త్, అంటే బాక్సు తీగని కారు బాడీకి కలిపే చోటు, చూడండి. నీలం 15 ఆంపియర్ల ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతుంటే దాని చోట ఆకుపచ్చ 30 వేయకండి, తీగ కాలుతుంది. ఫ్యూజు చోట అదే 21 వాట్ల బల్బు పెట్టండి. షార్ట్ ఉన్నంతసేపు పూర్తిగా వెలుగుతుంది. తలుపుల కనెక్టర్లు ఒక్కొక్కటే తీస్తూ పొండి, ఏది తీస్తే బల్బు ఆరిందో దోషం ఆ తలుపుదే. అద్దం దిగేటప్పుడు రాసుకుని తీగ తొడుగు పోవడం మామూలు కారణం. ఎర్త్ సంగతికొస్తే, కిట్‌లో ఇచ్చే సన్న స్క్రూని పెయింటు మీదే బిగిస్తారు, ఉప్పుగాలికి అదే ముందు తుప్పు పడుతుంది. పెయింటు గీకి, 6 మిల్లీమీటర్ల బోల్టుతో రింగు టెర్మినల్ బిగించి, పైన వ్యాజలిన్ పూయాలి. మోటారు లాగుతుండగా బ్యాటరీ నెగెటివ్‌కీ ఆ బోల్టుకీ మధ్య 0.2 వోల్టుల కంటే ఎక్కువ కనిపించకూడదు.

పొద్దున్న లాక్ నీరసంగా పడి, ఇంజను వేయగానే చురుగ్గా పడితే బ్యాటరీ చూడండి. ఇంజను ఆపి కాసేపయ్యాక 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఇంజను తిరుగుతుండగా 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. బ్యాటరీ మంచిదైనా రాత్రిళ్లు ఖాళీ అవుతుంటే, నెగెటివ్ తీగ విప్పి మధ్యలో మీటరుని ఆంపియర్ల మీద పెట్టి, తలుపులు మూసి, అరగంట ఆగి చూడండి. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే పర్వాలేదు. 300 లాగుతుంటే రోజుకి 7.2 ఆంపియర్ అవర్లు పోతాయి, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయిదు రోజులు కూడా ఆగదు. మీటరు అలా ఉండగా ఇంజను మాత్రం వేయకండి.

వాన సంగతి ఇంకా ముఖ్యం. అద్దం బీడింగులోంచి తలుపులోకి నీళ్లు రావడం సహజమే, కింది రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. ఆ రంధ్రాలు మట్టితో పూడితే నీళ్లు నిలుస్తాయి. డోర్ ప్యాడ్ (తలుపు లోపలి అట్ట) వెనకుండే ప్లాస్టిక్ షీటుని చాలామంది చింపి అవతల పారేస్తారు, దాన్ని జిగట రబ్బరులాంటి బ్యూటైల్ టేపుతో మళ్ళీ అతికించమని పట్టుబట్టండి. కంట్రోల్ బాక్సుని కాళ్ల దగ్గర పెట్టించుకోవద్దు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి వేళచ్చేరి లాంటి చోట్ల కార్లలోకి నీళ్లొచ్చాయి, అప్పుడు ముందు మునిగేది కాళ్ల దగ్గరున్నదే. డాష్‌బోర్డు కింద వీలైనంత ఎత్తులో, కనెక్టర్లు కిందికి చూసేలా బిగిస్తే తీగ వెంట జారే నీరు లోపలికి పోదు.

పని మొదలుపెట్టే ముందు రెండో తాళంచెవి చేతిలో ఉంచుకోండి. పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటికి ఈ 21 వాట్ల బల్బూ, మీటరూ తగిలించకండి. వారంటీ ఉన్న కారులో కంపెనీ తీగలు కోయడం చిక్కు, ముందే సర్వీసు సెంటర్లో అడగండి. కంపెనీ నుంచే లాక్ లోపల మోటారుతో వచ్చిన కార్లకి ఈ కిట్ వద్దు, వాటికి ఆ తలుపు లాకే మార్చాలి.

బేస్ మోడల్‌కి అయితే ఇదే కిట్ మళ్ళీ వేయిస్తాను. స్క్రూలు, ఎర్త్ బోల్టు, గుడ్డ టేపు, గ్రీజు నేనే తెచ్చిస్తాను. డ్రైవర్ తలుపు మోటారు ఒకటి విడిగా కొని డిక్కీలో ఉంచుతాను, రిమోట్లకి సరిపడే బ్యాటరీ కూడా. కొన్ని రిమోట్లకి సీఆర్2032, కొన్నిటికి 12 వోల్టుల ఏ27 పడుతుంది, కాబట్టి మూత తీసి చూసి కొనండి.