పెళ్ళి క్యాసెట్టు డీవీడీ చేయిస్తున్నారా? నెక్స్ట్ బటన్ నొక్కి చూడకుండా పైసా ఇవ్వకండి

వైజాగ్‌లో పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లు డీవీడీలోకి ఎక్కించుకుంటున్న వాళ్ళందరికీ చెప్తున్నా. షాపు పేరు రాయను. టేపు సంచిలో వేసుకుని నాలుగు చోట్ల తిరిగినవాళ్ళకి రాయక్కర్లేదు కూడా. "అనుభవం మాది, జ్ఞాపకం మీది" అని బోర్డు పెట్టుకున్నాయన. జ్ఞాపకం సంగతేమో గానీ అనుభవం మాత్రం నాకే మిగిలింది.

పని ఇది: 1998 నాటి పెళ్ళి, ఒక ఈ-180 టేపు, మూడు గంటలు. రెండు డీవీడీలు, మెనూ, ఘట్టానికో చాప్టరు (నెక్స్ట్ నొక్కితే నేరుగా దూకే గుర్తు). 1,800 రూపాయలు. మొత్తం ముందే చేతిలో పెట్టేశాను, అదీ నా తెలివి. డిస్కులు ఇచ్చేటప్పుడు మొదటి రెండు నిమిషాలు ఆడించి చూపించాడు. సన్నాయి వినబడింది, బొమ్మ కనబడింది, తలూపి వచ్చేశాను. డీవీడీ ఆథరింగ్ (మెనూ, చాప్టర్లు పెట్టి డిస్కు తయారుచేయడం) గురించి పదిమందికి చెప్పే మనిషిని, రిమోట్ మీద ఆ ఒక్క బటన్ నొక్కి చూడలేదు.

ఇంటికొచ్చి చూస్తే మాంగల్యధారణ దగ్గర నెక్స్ట్ నొక్కితే ఒక సెకను ముందుకెళ్ళింది. మళ్ళీ నొక్కితే రెండు సెకన్లు. పన్నెండు సార్లు నొక్కినా తాళి ఇంకా కట్టడం కాలేదు. తలంబ్రాలు దాటాక దీనికి రివర్సు: ఎంత నొక్కినా కదలదు, చాప్టర్లే లేవు.

ఏం చేశాడో డిస్కే చెప్తోంది. ప్రోగ్రామ్‌లో సీన్ డిటెక్షన్‌కి టిక్కు పెట్టి టీకి వెళ్ళిపోయాడు. మినీ డీవీ టేపు అయితే ఆ టిక్కు బాగానే పనిచేస్తుంది. కెమెరా రికార్డు చేసిన తేదీ, సమయం బొమ్మతో పాటే ఆ టేపు మీద ఉంటాయి, ఫైర్‌వైర్ కేబుల్ మీద కంప్యూటర్‌లోకి లాగినప్పుడు సమయం ఎక్కడ తెగితే అక్కడ కొత్త సీను. వీహెచ్‌ఎస్‌లో ఆ సమాచారమే లేదు. అందుకని ప్రోగ్రామ్ బొమ్మనే చూస్తుంది, వెలుగు గబుక్కున మారితే సీను మారిందనుకుంటుంది. ఇక మన పెళ్ళిళ్ళలో తాళి కట్టే నిమిషం సంగతి తెలిసిందే కదా, మండపం నిండా ఫ్లాషులే. ప్రతి మెరుపూ దానికో చాప్టరు. డీవీడీ వీడియోలో ఒక టైటిల్‌కి (డిస్కులో విడిగా ఆడే ఒక్కో వీడియోకి) 99 చాప్టర్లకి మించి ఉండవు. ఆ 99 కాస్తా తాళి దగ్గరా తలంబ్రాల దగ్గరా ఖర్చయిపోయాయి, తర్వాతి అరగంటకి ఒక్కటీ మిగల్లేదు. సెన్సిటివిటీ తగ్గిస్తే ఫ్లాషులు పోతాయి, వాటితో పాటు అసలు సీన్లూ పోతాయి. వీహెచ్‌ఎస్‌కి చేత్తో పెట్టుకోవడమే దారి. మూడు గంటల పెళ్ళికి పదిహేను గుర్తులు చాలు, టైములు కాగితం మీద రాసిస్తే పావుగంట పని. రాసిచ్చాను కూడా.

వెనక్కిచ్చాక రెండోసారి చేత్తోనే పెట్టాడు, అది ఒప్పుకుంటాను. కానీ "జీలకర్ర బెల్లం" నొక్కితే మేనమామ ఇంకా బుట్ట మోస్తున్నాడు. "మాంగల్యధారణ" నొక్కితే తాళి పళ్ళెం ఇంకా పెద్దల చేతుల మీద తిరుగుతోంది. గడియారం పెట్టి చూశాను. మొదటి బటన్‌కీ చివరి బటన్‌కీ ఒకటే తేడా, సరిగ్గా 22 సెకన్లు. ఆ 22 సెకన్లు ఏమిటో తెలుసా? డిస్కు మొదట్లో తన షాపు యాడ్ అతికించాడు. మన పెళ్ళి వీడియోకి ముందు ఆయన బోర్డు, ఆయన ఫోన్ నెంబరు, వెనక మ్యూజిక్కు. గుర్తులన్నీ పెట్టేశాక ముందు ఇది తగిలించేసరికి అసలు వీడియో 22 సెకన్లు వెనక్కి జరిగింది, గుర్తుల టైములు మాత్రం పాతవే ఉండిపోయాయి. యాడ్ పెట్టుకోవాలనే మోజుంటే దాన్ని వేరే టైటిల్‌గా పెట్టి ముందు ఆడేలా సెట్ చేస్తే ఈ గొడవే లేదు.

ఇదంతా పొరపాటు అనుకుని వదిలేసేదాన్నే. తర్వాత జరిగింది వదలబుద్ధి కాలేదు.

"ఏటి మేడమ్, ఇరవై సెకన్ల కోసం ఇంత దూరం వచ్చారా?" అన్నాడు. టైములు సరిచేసి ఇవ్వండి అంటే, ప్రాజెక్టు డిలీట్ చేసేశాను, చాప్టర్లు వీడియోలో కలిసిపోయి ఉంటాయి, ఇప్పుడు విడదీయడం కుదరదు, మళ్ళీ టేపు ఇవ్వండి, మళ్ళీ క్యాప్చర్, మళ్ళీ 1,800 అన్నాడు. అంటూ అంటూనే కౌంటర్ దగ్గరున్న ఇంకో ఇద్దరి వైపు తిరిగి, "పెళ్ళి క్యాసెట్టు ఎవరండీ నెక్స్టులు నొక్కుకుంటూ చూసేది? కుదురుగా కూర్చుని చూడాలి గానీ" అన్నాడు. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. అదే ఇప్పటికీ మండుతోంది. "కలిసిపోతాయి" అనే మాట పచ్చి అబద్ధమని తెలిసి కూడా, అక్కడ నిలబడి ఒక్క ముక్క అనకుండా నవ్వి వచ్చాను.

అక్కడ అననిది ఇక్కడ అంటున్నా. ఆ డిస్కు కంప్యూటర్‌లో పెట్టి తెరవండి, వీడియో_టీఎస్ అని ఫోల్డర్ ఉంటుంది. బొమ్మా శబ్దమూ వీఓబీ ఫైళ్ళలో ఉంటాయి, ఒక్కోటీ 1 జీబీకి మించదు. చాప్టర్ల పట్టిక ఐఎఫ్‌ఓ ఫైల్లో ఉంటుంది, దాని నకలు బీయూపీ. ఆ ఐఎఫ్‌ఓ సైజెంతనుకున్నారు, కొన్ని పదుల కేబీ. విషయసూచికలో పేజీ నెంబర్లు తప్పు పడితే పుస్తకమంతా మళ్ళీ రాయిస్తారా? వీఓబీ లోపల కూడా దారి చూపే చిన్న ప్యాకెట్లు ఉంటాయి, అందుకే ఐఎఫ్‌ఓని చేత్తో కెలకొద్దు, ఆథరింగ్ ప్రోగ్రామే రెండింటినీ తిరగరాస్తుంది. బొమ్మని ముట్టుకోనక్కర్లేదు. టేపు అసలే అక్కర్లేదు.

నా డిస్కు నేనే చేసుకున్నాను, గంట పట్టలేదు. ఇలా చేయండి. వీడియో_టీఎస్ ఫోల్డర్‌ని హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి, ఇంటి వీడియోలకి తాళాలేమీ ఉండవు. అందులో వీటీఎస్_01_1 నుంచి చివరి అంకె దాకా ఉన్న వీఓబీలని వరస తప్పకుండా ఒకే ఫైలుగా అతికించండి. చివర 0 ఉన్నది మెనూ, దాన్ని కలపొద్దు. అతికించకుండా వాటిని విడివిడిగా పెడితే ఒక్కోటీ వేరే టైటిల్ అవుతుంది, చాలా ప్లేయర్లు నెక్స్ట్ నొక్కితే ఒక టైటిల్ నుంచి ఇంకో టైటిల్‌కి వెళ్ళవు. తెర మీద చెయ్యి బొమ్మ వచ్చి ఆగిపోతుంది. "మీ ప్లేయర్ పాడైంది" అని షాపువాళ్ళు చెప్పే చాలా కేసులు ఇవే.

తర్వాత డీవీడీస్టైలర్ అనే ఆథరింగ్ ప్రోగ్రామ్. ఉచితం. కొత్త ప్రాజెక్టు పాల్ అనే టీవీ పద్ధతిలో, 720×576, మన దేశపు టేపు కాబట్టి. వీడియో వేశాక దాని ప్రాపర్టీస్‌లో వీడియో ఫార్మాట్, ఆడియో ఫార్మాట్ రెండూ "కాపీ" అని పెట్టండి. ఇది మర్చిపోతే మొత్తం మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తుంది, అసలే అరిగిన వీహెచ్‌ఎస్ బొమ్మ ఇంకా మసకబారుతుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియో చూస్తూ ఘట్టాల టైములు రాసుకుని చాప్టర్ల గడిలో కామాలు పెట్టి ఎక్కించండి. నా డిస్కులో పాత టైములన్నిటికీ 22 కలిపాను, అంతే. ఆ యాడ్‌ని కోసే శ్రమ కూడా పడలేదు. మొదటి చాప్టరు ఎలాగూ సున్నా దగ్గరే ఉంటుంది, రెండోది యాడ్ అయిపోయిన చోట పెట్టి మెనూలో "ప్లే" బటన్‌ని రెండో చాప్టరుకి కట్టేశాను. ఆయన యాడ్ ఆయన డిస్కులో భద్రంగా ఉంది, ఎవరికీ కనబడదు.

ఇక్కడో చిన్న చిక్కుంది. చాప్టరు ఎక్కడ పడితే అక్కడ దిగదు, ఐ-ఫ్రేమ్ (పక్క ఫ్రేముల సాయం లేకుండా పూర్తి బొమ్మ ఉండే ఫ్రేమ్) మీదే దిగుతుంది. పాల్ డీవీడీలో ఒక ఐ-ఫ్రేమ్‌తో మొదలయ్యే ఫ్రేముల గుంపు 15కి మించకూడదు, సెకనుకి 25 ఫ్రేములు, అంటే 0.6 సెకను దాకా అటూ ఇటూ జరగొచ్చు. సరిగ్గా సీను మారేచోట గుర్తు పెడితే అది వెనకున్న ఐ-ఫ్రేముకి జారి, పాత సీను ఒక్క క్షణం తళుక్కుమని పోతుంది. అందుకని కట్ దాటి 15 ఫ్రేములు ముందుకి పెట్టుకోండి. కొత్తగా ఎన్‌కోడ్ చేయిస్తుంటే మాత్రం చాప్టరు టైముల దగ్గర ఐ-ఫ్రేమ్ బలవంతంగా పెట్టించొచ్చు, గుంపుని క్లోజ్డ్‌గా (పక్క గుంపు మీద ఆధారపడకుండా) పెట్టమని కూడా చెప్పండి. ఓపెన్‌గా ఉంటే దూకిన వెంటనే కొన్ని ప్లేయర్లలో బొమ్మ గళ్ళుగళ్ళుగా వస్తుంది.

తేడా ఎలా ఉందో చూస్తే దొంగ ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. అన్ని బటన్లకీ ఒకటే తేడా అయితే మొదట్లో ఏదో అతికించారు లేదా కోశారు. 0.6 సెకను లోపే అయితే ఐ-ఫ్రేమ్ గొడవ. పోనుపోనూ పెరుగుతుంటే ఫ్రేమ్ రేటు లెక్క తప్పింది. అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం ఎన్‌టీఎస్‌సీ (అక్కడి టీవీ పద్ధతి) కాపీ చేయించేవాళ్ళకి ఎక్కువగా జరిగేది ఇదే (అక్కడి చాలా ప్లేయర్లలో పాల్ ఆడదు కాబట్టి చేయించక తప్పదు). ఎన్‌టీఎస్‌సీ సెకనుకి 29.97 ఫ్రేములు. టైమ్‌కోడ్‌ని (ఫ్రేముల లెక్కతో రాసే టైముని) 30 లెక్కన చదివితే గంటకి 3.6 సెకన్ల తేడా. మొదటి బటన్ బాగానే ఉంటుంది, షాపులో చూపించేదీ అదే. చివరి బటన్ దగ్గర దొరుకుతారు.

ఇంకోటి, ప్రీమియర్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో పనిచేసేవాళ్ళు మామూలు కామెంట్ మార్కర్ పెట్టి చాప్టరు పెట్టేశాం అంటారు. చాప్టర్ మార్కర్ అని రకం మార్చకపోతే అది డిస్కుకి చేరదు. ఎంపీ4 చేసి డేటా డిస్కుగా రాసిచ్చినా అంతే, మెనూ ఉండదు, ఏమీ ఉండదు. రెండు డిస్కులెందుకు, డబుల్ లేయర్ (రెండు పొరల డిస్కు) ఒకటి చాలు అంటే మధ్యలో తప్పకుండా ఒక చాప్టరు పెట్టమనండి. పొర మారేచోటు వీడియోలోని ఏదో ఒక సెల్ (వీడియో లోపలి ముక్క) హద్దు మీద పడాలి, ఆ హద్దు చాప్టరు దగ్గర దొరుకుతుంది.

డబ్బులిచ్చే ముందు: వీఎల్‌సీలో ప్లేబ్యాక్ మెనూలో చాప్టర్లెన్నో చూడండి, చివరి చాప్టరు నొక్కండి, నడిమి బటన్ ఒకటి నొక్కండి. సగమే అడ్వాన్సు. ఐఎస్ఓ ఫైలు (మొత్తం డిస్కు నకలు), క్యాప్చర్ ఫైలు (టేపు నుంచి లాగిన వీడియో), ప్రాజెక్టు మూడూ మీ డ్రైవులో వేయించుకోండి. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, "మీ పెన్‌డ్రైవే పనికిరాదు" అని పంపేస్తారు. ముందే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి తీసుకెళ్ళండి. పరీక్షకి ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్ళీ రాసుకునే) డిస్కు, అసలుది 4ఎక్స్ లేదా 8ఎక్స్ స్పీడులో, రాశాక వెరిఫై.

బిల్లు తీసుకోండి. నేను తీసుకోలేదు, దాని గురించి మీరేం అడగొద్దు. బిల్లు ఉన్నవాళ్ళు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసి చూడొచ్చు.

క్యాసెట్టు ఇచ్చే ముందు దాని వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలక విరిచేసి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే విరిచేసి ఇవ్వండి, ఆయన వీసీఆర్‌లో పొరపాటున రికార్డు నొక్కినా పడదు. మాది విరిచే ఉంది, అదొక్కటే ఇందులో సరిగ్గా జరిగింది. అదీ 1998లో ఎవరో పుణ్యాత్ముడు విరిచింది.